చాలంటే ఆగని బండి

అహంకారం వదిలించుకోవడానికి హిమాలయాలకు పోనక్కర్లేదు. ఆశ్రమంలో చేరనక్కర్లేదు. మీ పాత కారును ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టండి, చాలు!

ఈ 'చాలు' అనే మాటను కాస్త జేబులో వేసి ఉంచుకోండి. తర్వాత దానితో పనుంది. ఆ ఒక్క మాట వల్ల నాకు ఒక బంపరూ ఒక లైటూ పోయాయి.

అయ్యలారా, అమ్మలారా! సూరత్‌లో స్థిరపడ్డ తెలుగు సోదర సోదరీమణులారా! ఈ ఆన్‌లైన్ పాత కార్ల బజారును మీలో చాలామంది తిట్టిపోస్తున్నారని నాకు తెలుసు. మోసం అంటారు. టైమ్ వేస్ట్ అంటారు. బుర్ర తినేస్తారంటారు. నేను ఒప్పుకోను. అది వరం! వట్టి వరం కాదు, స్వయంవరం! మన కారు పూలదండ వేసుకుని సిగ్గుపడుతూ నిలబడుతుంది. దేశం నలుమూలల నుంచీ వరులు వస్తారు. చుట్టూ తిరుగుతారు, తలుపు తెరుస్తారు, సీటు నొక్కుతారు, టైరు తంతారు. వెళ్ళిపోతారు. దండ వాడిపోతుంది.

నా పేరు త్రివిక్రమరావు. మూడడుగుల నేల అడిగినవాడి పేరు. అందుకేనేమో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు నాకు పార్కింగ్ కూడా సరిగ్గా అంతే ఇచ్చారు. ఫ్లాటుకు ఒక్క బండి. రెండోది పెడితే సెక్రటరీ గాలి తీయిస్తాడు, టైరుకూ, మనిషికీ.

అసలు కారెందుకు అమ్ముతున్నానో ముందు చెప్పాలి. మా ఆవిడ సూర్యకుమారి హజీరాలో పనిచేసే తెలుగు ఇంజనీర్లకు మధ్యాహ్నం క్యారేజీలు పంపుతుంది. ఇక్కడ పప్పులో కూడా బెల్లం వేస్తారని బెంగపెట్టుకుని చిక్కిపోయిన కుర్రాళ్ళందరికీ ఆవిడే దిక్కు. ఇన్నాళ్ళూ ఆటోలో పంపింది. ఆటో గతుకులో పడితే పులుసు వెళ్ళి పెరుగులో పడేది. పాపం ఆ కుర్రాళ్ళు అది మజ్జిగ పులుసనుకుని లొట్టలేసుకుంటూ తినేవారు.

ఇప్పుడు అక్కడి సైట్ ఒకటి మొత్తం సిబ్బందికి భోజనం నువ్వే పంపమ్మా అంది. షరతు ఒక్కటే, సొంత బండి ఉండాలి. మా ఆవిడ పల్సానాలో ఒక చిన్న వ్యాన్ చూసుకుంది. చూసింది, తోలింది, బేరం కుదుర్చుకుంది, అన్నీ ఒక్క పూటలో! ఆ వ్యాన్ పెద్దమనిషి వచ్చే ఆదివారం దాకా ఆగుతానన్నాడు. తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడు.

ఇప్పుడు లెక్క చూడండి. కారు కదిలితేనే వ్యాన్‌కు చోటు. వ్యాన్ వస్తేనే మా ఆవిడకు కాంట్రాక్టు. నేను ఎలాగూ కంపెనీ బస్సులో ఫ్యాక్టరీకి పోయి వచ్చేవాణ్ణి. కాబట్టి కారు పోతే మా ఇంటికి వెలుగు. పోకపోతే కారుచీకటే!

సరే, యాడ్ రాసే బాధ్యత నేను తీసుకున్నాను. ఎంతైనా రచయితను కదా! ఎన్నేళ్ళుగానో ఈ వారపత్రికలో మిమ్మల్ని నవ్విస్తున్నవాణ్ణి, ఒక కారును నమ్మించలేనా?

మా అమ్మాయి కోమలి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి హిందీలో మలుపు తిరిగి గుజరాతీలో బ్రేకు వేస్తుంది. నేను రాసింది చూసి, ఇంత పొడుగు ఎవరు చదువుతారని నోరు తెరిచింది.

"నాన్నా, ఇత్నా లంబా కౌన్ పఢేగా? నాలుగు లైన్లు రాయి, బస్. ఫారంలో ఈ గళ్ళున్నాయి కదా, అవి ముందు నింపు."

"గళ్ళు లుంగీకి ఉండాలమ్మా, సాహిత్యానికి కాదు," అన్నాను. గళ్ళన్నీ ఖాళీగా వదిలేసి కింద వివరణ దగ్గర నాలుగు పేరాలు దంచాను.

ఏం రాశానో చెప్పమంటారా? అంతా నిజం రాశాను! లోకంలో మిగతా యాడ్‌లు చూడండి. ప్రతి కారునూ ఒకే ఒక డాక్టర్ గారు వాడారు. అదీ ఆదివారాలు మాత్రమే. అదీ గుడికి మాత్రమే. ఈ దేశంలో ఇంతమంది డాక్టర్లు ఇన్ని గుళ్ళ చుట్టూ తిరుగుతుంటే మరి ఆసుపత్రుల్లో ఎవరుంటున్నారు? నేనలా రాయలేదు. "ఎడమ వెనక తలుపు మర్యాదగా లాగితే రాదు, కొంచెం కసరాలి" అని రాశాను. "ఏసీ ఉంది, మూడ్‌ను బట్టి" అని రాశాను. "ఉదయం పూట ఇంజన్‌కు కాస్త నత్తి" అని కూడా రాశాను.

ఈ నత్తి వెనక ఒక చరిత్ర ఉంది. ఈ కారు నేనూ ఆన్‌లైన్‌లో చూసి కొన్నదే. అమ్మిన గుజరాతీ పెద్దమనిషి బానెట్ మీద చెయ్యి వేసి, "ఎంజిన్ మా ప్రాబ్లెమ్ నథీ," అన్నాడు. ఇంజన్‌లో సమస్య లేదు అని ఆయన భావం. కానీ తెలుగువాడి చెవితో వినండి! 'ఇంజన్ మా ప్రాబ్లెమ్. నత్తి!' ఆహా, హరిశ్చంద్రుడు! ఆయన నిజమే చెప్పాడు, నేనే అనువాదం చేసుకుని చెడ్డాను. మర్నాడు పొద్దున తాళం తిప్పితే ఇంజన్ క-క-క-క అని పది సార్లు తడబడి గానీ మాట్లాడలేదు. అక్కడితో ఆగాడా? "గాడీ సారీ ఛే," అని కూడా అన్నాడు. బండి బాగుంది అని వాళ్ళ భాష. మన చెవికి మాత్రం గాడీ... సారీ... ఛే! ఇంతకంటే నిజాయితీగా ఎవరు చెబుతారండీ?

పైగా 'బాగుంది, సరే' అనడానికి ఇక్కడివాళ్ళు 'సారు' అంటారు. ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు కూరగాయల బండివాడి దగ్గర్నుంచి బ్యాంకు క్యాషియర్ దాకా అందరూ నన్ను సారు సారు అంటుంటే, ఎంత మర్యాదస్తుల ఊరు అనుకుని రెండేళ్ళు ఛాతీ విరుచుకుని తిరిగాను.

సరే, యాడ్‌కు ఫొటోలు తీసింది కోమలి. ఐదు ఫొటోలు. ఐదింటిలోనూ కారు ముందు నేనే, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు కట్టుకుని. "నాన్నా, కారు దిఖ్ నహీ రహా," అంది పిల్ల, కారే కనబడటం లేదని. ఓనర్‌ను చూసి ఆనర్ ఇస్తారే పిచ్చిదానా అన్నాను. ఎంతైనా ఇది సూరత్! హిందీలో సూరత్ అంటేనే ముఖం. ఇక్కడ ముఖం చూసే కొంటారు!

యాడ్ పెట్టిన మర్నాటికి పన్నెండు వందల మంది చూశారు. పన్నెండు వందలు! ఈ కాలమ్‌ను అంతమంది చదివినట్టు ఎడిటర్ గారు ఏనాడైనా చెప్పారా? చెప్పరు. ఇప్పుడు చెప్పండి, ఆన్‌లైన్ బజారు వరమా కాదా?

ఇక మెసేజ్‌లు. "అవైలబుల్?" అని ఒకడు. "అవైలబుల్ హై?" అని ఇంకొకడు. "స్టిల్ అవైలబుల్?" అని వేరొకడు. పెళ్ళయిన నాటి నుంచీ నన్నెవరైనా ఇంత ఆప్యాయంగా అవైలబులా అని అడిగారా? పొంగిపోయి, "అవైలబుల్!" అని జవాబిచ్చాను. అంతే! అడిగినవాడు నాట్ అవైలబుల్. గాలిలో కలిసిపోయాడు. వాళ్ళకు కారు అక్కర్లేదండీ. లోకంలో ఏదో ఒకటి ఇంకా అవైలబుల్‌గా ఉందన్న ధైర్యం కావాలి, అంతే. ఆ ధైర్యం ఇచ్చి నేను పుణ్యం కట్టుకున్నాను.

మరికొందరు "మోడల్?" అంటారు. "కలర్?" అంటారు. "పెట్రోలా డీజిలా?" అంటారు. నాలుగు పేరాలు రాశానయ్యా, చదువుకోవయ్యా! తలుపు కసరాలని రాశాను, ఏసీ మూడ్ గురించి రాశాను, ఇంజన్ నత్తి గురించి రాశాను, మొదటి వానలో వైపర్ ఊడి ఫ్లైఓవర్ మీద ఎగిరిపోతే దాని వెనక పరిగెత్తిన వైనం రాశాను. ఇంత రాస్తే చదవకుండా కలర్ అట, కలర్! యాడ్ పెట్టాక ఒక పెద్దాయన ఫోన్ చేసి "యాడ?" అన్నాడు, అనంతపురం మనిషట. ఆయనే నయం, మాట కలిసింది.

తర్వాత బ్రోకర్లు. వీళ్ళను డీలర్లు అని కూడా అంటారు, మనిషిని డీలా చేస్తారు కాబట్టి. "అంకుల్, నా సొంతానికే, మా చెల్లెలి కాలేజీకి" అంటాడు. అదే గొంతు సాయంత్రం ఇంకో నంబరు నుంచి "మా నాన్నగారి మందుల షాపుకి" అంటుంది. బ్రోకర్ అన్న మాటలోనే ఉంది చూడండి: బ్రో, కర్! తమ్ముడూ, కానియ్! వీళ్ళు 'లాస్ట్ ప్రైస్' అంటే 'లాస్ట్'లో చివరి అక్షరం మింగేసి 'లాస్' అని వినాలి. నేను చెప్పిన ధర ఈ ఒడ్డున, వాడడిగిన ధర ఆ ఒడ్డున, మధ్యలో మన సూరత్ నది. పేరే తాపీ. దానికి లేని తొందర నీకెందుకురా అన్నట్టు పారుతుంటుంది.

మిలిటరీలో ఉన్నానని చెప్పినవాడు ఇంకొకడు. కారు చూడడట, దేశసేవలో తీరిక లేదట. నేను పంపిన కోడ్ స్కాన్ చేయి, డబ్బు నీ ఖాతాలో పడుతుంది అన్నాడు. స్కాన్‌కూ స్కామ్‌కూ మధ్య ఒక్క అక్షరమే కదా అడ్డం! "ఒరే సిపాయీ, ముందు నీ సరిహద్దులో నువ్వుండు," అని ఫోన్ పెట్టేశాను. దేశభక్తిని కూడా ఇంట్లో కూర్చుని నిరూపించుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుందండీ?

వచ్చి చూసేవాళ్ళు ఇంకో రకం. ఒకాయన అయస్కాంతం తెచ్చి తలుపులన్నిటికీ అంటించి చూశాడు, కింద లప్పం ఉందేమోనని. ఒకాయన కారు కిందికి దూరి ఎంతకీ రాలేదు. కంగారుపడి వంగి చూస్తే, "చల్లగా ఉందండీ," అన్నాడు. ఒక కుటుంబం పిల్లా జెల్లాతో సెలవురోజు షికారుగా వచ్చింది. పిల్లలు హారన్ కొట్టారు. పెద్దలు సీట్లో కూర్చుని ఫొటోలు దిగారు. మర్యాద కోసం కింద షాపు నుంచి వేడివేడి లోచో తెప్పించాను. తెలియని వాళ్ళకు చెబుతున్నా, లోచో అంటే మన సూరత్ వాళ్ళు ఆవిరి మీద ఉడికించి నూనె పోసి పెట్టే మెత్తని శనగపిండి ముద్ద. తృప్తిగా తిని, చేతులు తుడుచుకుని, ఆలోచించి చెబుతామన్నారు. ఆ లోచో కోసమే వచ్చారని నాకు ఆలస్యంగా తెలిసింది!

ఇదంతా జరుగుతుంటే మా ఆవిడ రోజూ పొద్దున్నే కారు కడిగేది. వంటకు ముందు ఒకసారి, క్యారేజీలు పంపాక ఒకసారి. "ఎవరైనా వస్తారేమోనండీ," అనేది. వ్యాన్ వెనక భాగానికి సరిపోయేలా అరలు చేయించడానికి కొలతలు కూడా తీసుకొచ్చి ఫ్రిజ్ మీద అంటించింది.

కిందటి ఆదివారం ఇద్దరు వచ్చారు, ఒకే వేళకు.

మొదటాయన కనకయ్య. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మగ్గాల మీద పనిచేసి, ఇప్పుడు పర్వత్ పాటియాలో చీరల దుకాణం పెట్టుకున్న మనిషి. వస్తూనే ఒక మూట దించాడు.

"సారూ, నా తాన రొక్కం తక్కువున్నది. ఎక్స్‌ఛేంజ్ పెట్టుకుందమా? బండి నాకియ్యున్రి. చీరలు మీరు తీసుకోన్రి. అక్కకు పదేండ్ల దాక కొనే పనుండది."

"నేను పప్పు క్యారేజీలో పంపాలి బాబూ, చీర కొంగులో కట్టి పంపలేను," అంది మా ఆవిడ బాల్కనీలోంచి.

"గట్లయితే జర సగం సగం..." అని ఆయన ఇంకా ఏదో అనబోతుండగా రెండో ఆయన దిగాడు. ధనసుఖ్‌భాయ్. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల చెప్పులు. పేరులోనే ధనమూ సుఖమూ రెండూ పెట్టుకున్న మనిషి. ఈయన వల్ల నాకా రెండూ పోతాయని అప్పటికి తెలియదు.

నిజం చెప్పాలంటే, ఇన్ని రోజుల్లో కొనేవాడిలా కనిపించింది ఆయనొక్కడే. కారు చుట్టూ ఒక్కసారే తిరిగాడు. టైరు తన్నలేదు. పత్రాలు చూసి "సారు," అన్నాడు. ఈసారి నాకు అర్థం తెలుసు! బాల్కనీలో మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఒకసారి తోలి చూస్తాను, నచ్చితే ఇవాళే తీసుకెళతాను అన్నాడు. ఇవాళే! పైన మా ఆవిడ పల్సానా వ్యాన్ ఆయనకు ఫోన్ కలపడం నాకు వినబడింది.

కారు స్తంభాల మధ్య ఇరుక్కుని ఉంది. వెనక్కి తీయాలి. నేను తీస్తానంటే ఆయన ఒప్పుకోలేదు, స్టీరింగ్ పట్టుకుంటేనే బండి గుణం తెలుస్తుందన్నాడు. నత్తి ఇంజన్ ఆ రోజు ఒక్క తడబాటు లేకుండా స్టార్టయింది. నేను వెనక్కి వెళ్ళి నిలబడి చెయ్యి ఊపాను.

"రానీ... రానీ... రానీ..."

ఈయన ఏ రాణిని పిలుస్తున్నాడా అనుకున్నాడో ఏమో, ధనసుఖ్‌భాయ్ అద్దంలోంచి నవ్వుతూనే తీస్తున్నాడు. స్తంభం దగ్గరపడింది. ఆ స్తంభానికి సొసైటీ నోటీసు బోర్డు ఉంటుంది.

"చాలు," అన్నాను.

బండి ఆగలేదు.

"చాలు చాలు!"

కొంచెం వేగం పెంచాడు.

"అయ్యా చాలు! చాలు! చాలు!!"

నేను ఎంత గట్టిగా అరిస్తే ఆయన అంత గట్టిగా తొక్కాడు! అటు కనకయ్య "బస్! బస్!" అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు కానీ అప్పటికే ధడేలుమంది. ఎడమ లైటు పగిలింది. బంపరు లోపలికి నొక్కుకుపోయింది. పైనుంచి నోటీసు బోర్డు ఊడి కారు నెత్తిన పడింది. దాని మీద 'వాహనాలు జాగ్రత్తగా నిలుపవలెను' అని మూడు భాషల్లో ఉంది. ఒక్క తెలుగులోనే లేదు.

ధనసుఖ్‌భాయ్ దిగాడు. మీరే కదా అన్నారని ఆయనకే కోపం! "ఆప్ హీ తో బోలే! చాలూ, చాలూ!" అన్నాడు.

అప్పుడు వెలిగింది. హిందీలో, గుజరాతీలో 'చాలూ' అంటే నడుస్తోంది, నడిపించు, కానియ్ అని! నేను ఆపమని మొత్తుకుంటుంటే, ఆయన చెవికి 'కానియ్ కానియ్, తొక్కు తొక్కు' అని వినబడింది పాపం! ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, ఆ మాట నాకు తెలియదా? తెలుసు. రోజుకు వందసార్లు వింటాను. కానీ కంగారు పుట్టినప్పుడు నోట్లోంచి వచ్చేది అమ్మ నేర్పిన మాటే. కారుకు ఎయిర్‌బ్యాగులు పెట్టినవాళ్ళు నాలుకకు కూడా ఒకటి పెట్టి ఉంటే బాగుండును!

మా ఆవిడ కిందికి వచ్చింది. బంపరు వైపు చూసింది. నా వైపు చూడలేదు. చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది, పల్సానా ఆయన హలో హలో అంటున్నాడు. "మళ్ళీ చేస్తానండీ," అని మెల్లగా పెట్టేసింది.

ఇక చూడండి ధనసుఖ్‌భాయ్ ప్రతిభ! బంపరు మీద వేళ్ళతో తట్టి, చాలా బాధగా తల ఆడించి, బండి యాక్సిడెంట్ అయినది, కాబట్టి ధర తగ్గించాలి అన్నాడు. ఎవరు చేశారయ్యా యాక్సిడెంట్? అంటే, ఎవరు చేస్తేనేం, అయిందా లేదా అన్నాడు! తన చేత్తో చేసిన సొట్ట చూపించి నా దగ్గరే బేరమాడే మనిషిని మామూలు దుకాణాల్లో చూడగలరా మీరు? బట్టలషాపులో చొక్కా చించి, చిరిగింది కదా తగ్గించు అనగలరా? ఆన్‌లైన్ ఒక్కటే ఈ భాగ్యం కలిగిస్తుంది. నేను తగ్గించనన్నాను. "సారు," అని ఆయన వెళ్ళిపోయాడు. ఆ సారులో ఏ అర్థం ఉందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కోమలి ఫోన్ తీసి యాడ్ దిద్దడం మొదలుపెట్టింది. "నాన్నా, ఇప్పుడు ఇది నాన్-యాక్సిడెంటల్ అని రాయలేం."

"మరి?"

"నాన్న-యాక్సిడెంటల్ అని రాస్తా."

పిల్లకు నా పోలికే వచ్చిందని ఆ బాధలో కూడా గర్వపడ్డాను. మా ఆవిడ గర్వపడినట్టు కనబడలేదు.

కనకయ్య మూట మీద కూర్చుని నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నాడు. "ఏమనుకోకున్రి సారూ. మీకు ఇయ్యాల అయింది, నాకు అచ్చిన మొదటిదినమే అయింది. పాండేసర దిక్కు ఒక సేటు దగ్గర పనికి కుదిరిన. సేటు సాంచె చూయించి 'చాలూ కర్' అన్నడు. సాంచె అంటే మగ్గం మిషిని. నడిపియ్యరా అంటున్నడు ఆయన. నేనేమో, ఇయ్యాల్టికి చాలు అంటున్నడు, ఎంత మంచి సేటు అనుకున్న! సద్ది ఇప్పుకొని కూసున్న. మల్ల అచ్చి 'చాలూ కర్, చాలూ కర్' అని ఒర్లవట్టె. నేను దండం పెట్టి, చాలు సేటూ, కడుపు నిండింది అంటున్న!"

మా ఆవిడ అంత దిగులులోనూ ఫక్కున నవ్వింది. "మరి ఏమైంది?" అంది.

"ఏమైతది అక్కా, సద్దిగిన్నె ఒక దిక్కు, నేనొక దిక్కు. గప్పటి సంది ఆపాలంటే నేను 'బస్' అనే అంట. ఇంట్ల బువ్వ వడ్డిస్తున్నా సుత బస్ అనే అంట. మా ఇంటిది నవ్వుతది."

బస్! ఆహా! చాలు అంటే కారు వెళుతుంది, బస్ అంటే కారు ఆగుతుంది! మన ఊళ్ళలో బస్ బస్ అని ఎంత అరిచినా బస్సే ఆగదు కదండీ!

పోతూ పోతూ కనకయ్య ఒక మాట అన్నాడు. "సారూ, మీ పేపర్ల రాయరాదున్రి? ఫోన్ల ఎవ్వడు సదువుతడు? అందరు బొమ్మలు చూసుడే. పేపరైతే మనోళ్ళు ఆఖర్దాక సదువుతరు. మా అత్త సుత సదివిపిచ్చుకొని ఇంటది."

అదండీ సంగతి! ఇప్పుడు మీకు అర్థమయే ఉంటుంది. ఇందాకటి నుంచీ వరం, స్వయంవరం అని ఊదరగొడుతున్నానే, అది యాడ్ భాష. డాక్టర్ గారు గుడికి మాత్రమే వాడారు అనే భాష. దాన్ని రివర్స్ గేర్‌లో చదువుకోండి. నిజం రాస్తే చదివే నాథుడు లేడు, అబద్ధం రాస్తే అడిగే నాథుడు లేడు, ఎవరి సొట్టో చూపించి ఎవరో బేరమాడతారు, మధ్యలో ఒక ఇల్లాలు రోజుకు రెండుసార్లు కారు కడుగుతుంది. ఇదీ ఆ వరం!

కాబట్టి పాఠక మహాశయులారా, మీరు చదువుతున్నది వ్యాసం కాదు. కారు యాడ్! ఎడిటర్ గారికి తెలిస్తే వ్యాసాల పేజీలోంచి ప్రకటనల పేజీకి మార్చి నా దగ్గరే డబ్బు వసూలు చేస్తారు, కాస్త గుట్టుగా ఉంచండి. ఇంతదాకా చదివారంటే ఈ ఊళ్ళో యాడ్ ఆఖరిదాకా చదివిన ఏకైక మనిషి మీరే. నా కారుకు తగిన వరుడు మీరే!

ఇది రాసి మా ఆవిడకు ఇచ్చాను. వంటింట్లో నిలబడి, చేతికున్న పిండి కాగితాలకు అంటకుండా, మొదటి నుంచీ చివరి దాకా చదివింది. చీరల మాట దగ్గర నవ్వింది. సద్ది దగ్గర మళ్ళీ నవ్వింది. నాకు ఏనుగెక్కినంత పనయింది.

"బాగుందండీ. కానీ ఇంత రాశారు, మోడల్ ఏదో రాయలేదు. రంగు రాయలేదు. పెట్రోలో డీజిలో రాయలేదు."

"అవి... ఆన్‌లైన్‌లో ఉన్నాయిగా?"

"అక్కడా లేవు. కోమలి ఇప్పుడే చూపించింది. గళ్ళన్నీ ఖాళీ. ఫొటోల్లో మీరే ఉన్నారు. వాళ్ళు పాపం అవే కదండీ అడిగింది? మోడల్? కలర్? అని?"

పొద్దుటి ఇంజన్‌లాగా క-క-క అన్నాను.

ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన కొలతల కాగితం ఊడిపోతుంటే మళ్ళీ నొక్కి అంటించి, చపాతీ పీట దగ్గరకు వెళ్ళిపోయింది.

అందుకని ఈ కింది నాలుగు లైన్లు ఆవిడ చెప్పగా నేను రాస్తున్నవి. ఇందులో నా సాహిత్యం ఏమీ లేదు.

బూడిద రంగు చిన్న కారు. పెట్రోల్. పదకొండేళ్ళ కిందటి మోడల్, ఇక్కడి రిజిస్ట్రేషనే. మేము రెండో ఓనర్లం. వెనక ఎడమ లైటు, బంపరు దెబ్బతిన్నాయి, ఆ ఖర్చు ధరలో తగ్గిస్తాం. పొద్దున పూట ఆలస్యంగా స్టార్టవుతుంది, తర్వాత ఇబ్బంది లేదు. ఈ ఆదివారం మధ్యాహ్నం లోపు వచ్చి చూడొచ్చు. కడిగి ఉంచుతాను.

ఆ ఆఖరి మాట కూడా ఆవిడదే.

బండి చాలూలో ఉంది. వెనక్కి తీసేటప్పుడు నేను అక్కడ నిలబడను, కోమలి నిలబడుతుంది. లోచో కూడా తెప్పిస్తాను, తినే వెళ్ళండి. మా ఆవిడకు వ్యాన్ కావాలి.

బస్!